మనిషిని అడిగారా?

ఫ్యూనరల్ హోమ్‌లో పంతులుగారు ఆ మఫ్లర్ దగ్గర ఆగిపోయారు. పంచె, కండువా, పూలదండ, నుదుట విభూతి అన్నీ పద్ధతిగానే ఉన్నాయి. మెడ చుట్టూ మాత్రం పాత చారల ఉన్ని మఫ్లర్ ఒకటి, అంచులు పోగులు ఊడిపోయి ఉంది. "ఇది తీసేద్దామా అమ్మా?" అని పంతులుగారు పోయినాయన భార్య ఆంటీని అడిగారు. "ఉండనివ్వండి. అది లేకుండా ఆయన గుమ్మం దాటరు" అంది ఆవిడ.

నా వెనక వరుసలో ఎవరో అది సాకర్ టీమ్‌దని పక్కవాడికి చెబుతున్నారు. సాకర్ కాదు. వెనక్కి తిరిగి చెబుదామనుకున్నాను. ఆయన గురించి ఇంకొకరికి చెప్పే ముఖం నాకెక్కడిది అనిపించి ఊరుకున్నాను. అది ఆస్ట్రేలియా వాళ్ల ఫుట్‌బాల్ టీమ్ మఫ్లర్. వాళ్లు ముద్దుగా ఫుటీ అంటారు. కోడిగుడ్డు లాంటి బంతితో, క్రికెట్ ఆడే గుండ్రటి మైదానంలోనే చలికాలంలో ఆడతారట. ఇదంతా నాకు చెప్పింది ఆ మఫ్లర్ కట్టుకుని పడుకున్న మనిషే.

అమెరికాలో ఈ ట్రాయ్ ఊళ్లో మా శనివారం క్రికెట్ లీగ్‌లో ఆయన్ని అందరం కీపర్ గారు అనేవాళ్లం. వయసులో మాకంటే చాలా పెద్ద. ఆయన భార్యని మాత్రం ఆంటీ అనేవాళ్లం. ఆయన్ని అంకుల్ అంటే ఊరుకునేవారు కాదు. "అంకుల్ అన్నారంటే రేపో మాపో బౌండరీ బయట కుర్చీ వేసి కూర్చోబెడతారు. నాకొద్దు బాబూ" అనేవారు. అనకాపల్లి వైపు మనిషి. మెల్‌బోర్న్‌లో ఒక కార్ల ఫ్యాక్టరీలో బ్రేకుల టెస్టింగ్ చేసేవారు. ఆ ఫ్యాక్టరీ మూసేశాక ఇక్కడికొచ్చారు. ట్రాయ్‌లో మాలో సగం మందిది కార్ల పనే, మిగతా సగం మందిది ఆ కార్ల సాఫ్ట్‌వేర్ పని, కాబట్టి తొందరగానే కలిసిపోయారు.

ఆయనకో అలవాటు ఉండేది. చేతికి ఏమొచ్చినా అరచేతిలో పెట్టుకుని కాస్త పైకీ కిందికీ ఆడించి బరువు చూసేవారు. కొత్త బంతినే కాదు, సమోసాని చూసేవారు, ఇండియన్ స్టోర్‌లో వంకాయల్ని చూసేవారు. ఒకసారి మా రమేశ్ వాళ్ల పసివాణ్ని కూడా అలాగే చూసి, "వీడికి బదులు మన ఇద్దరు ఓపెనర్లనీ ఒక స్పిన్నర్నీ ఇచ్చేయొచ్చు" అన్నారు. వాళ్లావిడ గబుక్కున పిల్లాణ్ని లాక్కుంది. తలా ఒక వంట తెచ్చుకునే పాట్‌లక్‌లో ఎవరి వంటైనా నచ్చితే ఆయన మెచ్చుకోలు అదే. "మీ గోంగూర మటన్‌కి నా ఫాస్ట్ బౌలర్‌ని ఇచ్చేస్తానమ్మా, ఇంకా మీకే నష్టం" అనేవారు. ఆ ఫాస్ట్ బౌలర్ని నేనే. నేను పక్కనే నిలబడి నవ్వేవాణ్ని. ఆ రోజుల్లో నాకు ధర ఉంది కాబట్టి నవ్వొచ్చేది.

కీపింగ్‌లో ఏనాడో విరిగి సరిగా అతుక్కోని చిటికెన వేలు ఒకటి ఉండేది ఆయనకి. ఏదైనా చెప్పలేక చెప్పాల్సి వచ్చినప్పుడు ఆ వంకర వేలిని రెండో చేత్తో పట్టుకుని లాగేవారు. ఆయన వేలు పట్టుకున్నారంటే ఏదో కష్టమైన మాట వస్తోందని మాకు తెలిసేది.

లీగ్‌కి ఆయన తెచ్చిన పద్ధతి గురించి చెప్పాలి. అది చెప్పకపోతే నా సంగతి అర్థం కాదు. ఆయన రాకముందు మా లీగ్‌లో ఒక టీమ్ ఉండేది. కెప్టెన్‌ది పెద్ద ఇల్లు, వాళ్లావిడది మంచి చెయ్యి. బిర్యానీ పార్టీలు పెట్టి మంచి ఆటగాళ్లందర్నీ లాగేసుకునేవాడు. ప్రతి ఏడూ కప్పు వాడిదే. కీపర్ గారు ఒక సీజన్ అది చూసి, తర్వాతి మార్చిలో రమేశ్ వాళ్ల బేస్‌మెంట్‌లో కెప్టెన్లందర్నీ కూర్చోబెట్టారు. ఒక పేపర్ ప్లేట్ పైకెత్తి చూపించారు.

"మెల్‌బోర్న్‌లో ఫుటీ క్లబ్బులన్నిటికీ ఇదే పళ్లెం. డబ్బున్న క్లబ్బుకి పెద్ద పళ్లెం, లేనివాడికి చిన్న పళ్లెం అంటే కుదరదు. ప్లేయర్లందరి జీతాలూ ఇందులోనే సర్దుకోవాలి. బిర్యానీ అంతా నువ్వే వడ్డించుకున్నావనుకో, పెరుగన్నానికి చోటుండదు. అంతే బాబూ, ఇందులో పెద్ద విద్యేం లేదు."

మాకు జీతాలు లేవు కాబట్టి పాయింట్లు పెట్టారు. ప్రతి టీమ్‌కీ వంద. ఏటా అందరం కూర్చుని ఓటేసి ఒక్కో ఆటగాడికి ధర కడతాం. టీమ్ మొత్తం ధర వంద దాటితే ఎవర్నో ఒకర్ని వేరే టీమ్‌కి ఇచ్చేయాలి. దాన్నే ట్రేడ్ అంటారు. ఎవరికీ అక్కర్లేనివాడి పేరు లిస్టులోంచి కొట్టేస్తే వాడు ఆ ఏడాదికి ఆడటానికి లేదు. వచ్చే ఏడు కొత్తవాళ్లతో పాటు వరుసలో నిలబడి ఎవరైనా ఎంచుకుంటారేమో అని చూడాలి. ఇంకో వెసులుబాటు కూడా ఉంది. బాగా ఆడేవాణ్ని ఎవరూ ఎగరేసుకుపోకుండా రెండు సీజన్లకి ఒకే ధర కట్టేయొచ్చు. తర్వాత వాడు ఆడినా మానినా ఆ ధర మాత్రం పళ్లెంలో అలాగే కూర్చుంటుంది. ఆ ఏడాది నుంచి మా లీగ్‌లో పరిమితి అనే మాటకి పళ్లెం అనే మాటే స్థిరపడిపోయింది. "మా పళ్లెం నిండింది భయ్యా" అంటే ఇక బేరం లేదని అర్థం.

వీటన్నిటి కంటే ఆయన పట్టుబట్టిన నియమం వేరే ఉంది. ట్రేడ్ చేసేముందు ఆ ఆటగాడి ఇంటికి వెళ్లి, ఎదురుగా కూర్చుని, అడగాలి. ఫోన్‌లో కాదు, వాట్సాప్‌లో అసలే కాదు. వాడు వద్దంటే వద్దే, ఎందుకని అడగకూడదు. ఇంకో టీమ్ కెప్టెన్ రమేశ్‌కి ఇది నచ్చలేదు. వరంగల్ వాడు, ఏదైనా ముఖం మీదే అనేస్తాడు.

"అమెరికాల గట్ల లేదు సార్. ఇక్కడ పెద్ద పెద్ద ప్లేయర్లకే పొద్దుగాల టీవీ పెట్టుకుంటే తెలుస్తది అమ్మేసిన్రని. మనది టెన్నిస్ బాల్ క్రికెట్. ఇంటింటికి తిరుగుడు అవసరమా?"

కీపర్ గారు వంకర వేలు పట్టుకున్నారు. "ఫుటీలో కాంట్రాక్టు ఉన్నవాణ్ని వాడు ఊఁ అనకుండా కదపలేరు రమేశ్. నాకు అది బాగా నచ్చింది. మా ఫ్యాక్టరీ మూసేసినప్పుడు మా అందర్నీ ఒక హాల్లో కూర్చోబెట్టారు. కేకులు, కాఫీలు అన్నీ పెట్టారు. చెప్పారు. అడగలేదు, చెప్పారు. కేకు బాగుంది గానీ తినబుద్ధి కాలేదు." ఆ నియమం కూడా రాసుకున్నాం.

అప్పట్నుంచి ఆయన నోట ఒక మాట ఎప్పుడూ ఉండేది. మనిషిని అడిగారా? గ్రౌండ్‌లో ఎవరైనా ఫీల్డర్‌ని అటూ ఇటూ తోస్తే అదే మాట. హాలోవీన్ రోజు పిల్లలు తెచ్చుకున్న చాక్లెట్లన్నీ బేస్‌మెంట్ కార్పెట్ మీద గుమ్మరించి మార్చుకుంటుంటే మధ్యలో ఈయన బాసింపట్టు వేసుకుని కూర్చునేవారు. ఒక్కొక్కరికీ ఒక్కో పేపర్ ప్లేట్. పీనట్ బటర్ చాక్లెట్ కావాలంటే దాంతో పాటు ఎవరూ తినని క్యాండీ కార్న్ కూడా భరించాలి. పెద్ద పిల్లాడెవడైనా చిన్నదాని ప్లేట్లోంచి చటుక్కున లాక్కుంటే, "డిడ్ యూ ఆస్క్ హర్, మేట్?" అనేవారు ఆస్ట్రేలియా యాసలో. పిల్లలు పడీ పడీ నవ్వేవారు. ఇప్పటికీ మా వీధిలో పిల్లలు కొందరు ఏదైనా లాక్కోబోయే ముందు ఆ యాసలోనే అడుగుతారు.

మార్చి మీటింగ్ ముగించడంలో కూడా ఆయనకో వరస ఉండేది. ట్రేడ్లన్నీ అయ్యాక లేచి నిలబడి, మఫ్లర్ రెండు చుట్లు చుట్టుకుని, జాకెట్ జిప్ మెడ దాకా లాక్కుని, నెమ్మదిగా గదంతా చూసి అడిగేవారు. "ఎవరైనా మనసు మార్చుకున్నారా?" ఒక్కసారే అడిగేవారు. ఎవరూ మాట్లాడకపోతే, "అయితే మేలో కలుద్దాం" అని మెట్లెక్కేవారు. ఎవరూ ఎప్పుడూ మనసు మార్చుకోలేదు. ఆ ప్రశ్న మాకు మీటింగ్ అయిపోయిందనే గంట కింద లెక్క.

ఇక నా సంగతి. నాకు కోపం చప్పున వస్తుంది, సిగ్గు ఆలస్యంగా వస్తుంది. ఇంట్లో, ఆఫీసులో అందరికీ తెలిసిందే. ఒక సీజన్ నేను నిజంగానే బాగా బౌలింగ్ చేశాను. కీపర్ గారే మా టీమ్ మేనేజర్. రెండు సీజన్లకి నాకు టీమ్‌లోకెల్లా పెద్ద ధర కట్టేశారు. ఆ రోజు ఇంటికొచ్చి లలితకి, అంటే మా ఆవిడకి, ఆ ధర ఎన్నిసార్లు చెప్పానో నాకే గుర్తులేదు. తర్వాతి ఏడు మొదట్లోనే భుజం పట్టేసింది. ఫిజియోథెరపీ, ఐస్ ప్యాక్‌లు, ఏవీ పనిచేయలేదు. ఫాస్ట్ బౌలర్ని కాస్తా లాంగాఫ్‌లో నిలబడి బంతి రాకూడదని దేవుడికి మొక్కుకునేవాణ్ని అయిపోయాను. ధర మాత్రం అలాగే ఉంది.

అదే చలికాలం ఆఫీసులో నా ప్రాజెక్ట్ ఎత్తేశారు. నన్ను తీసేయలేదు, ఇంకో టీమ్‌లో వేశారు. లీడ్‌గా ఉన్నవాణ్ని తీసుకెళ్లి మూలన ఒక డెస్క్ ఇచ్చి డాక్యుమెంటేషన్ చూడమన్నారు. గ్రీన్ కార్డ్ ఫైల్ నడుస్తోంది కాబట్టి కిక్కురుమనకుండా కూర్చున్నాను. పొద్దున్నే వెళ్లడం, ఎవరూ పిలవని మీటింగ్‌లు కేలండర్లో చూసుకోవడం, రావడం. లలిత ఏదైనా అడిగితే కసురుకునేవాణ్ని. శనివారం ఇండోర్ ప్రాక్టీస్‌కి మాత్రం తెల్లారకముందే లేచి కిట్ బ్యాగ్ సర్దుకునేవాణ్ని, భుజం బాగుండకపోయినా.

ఆ మార్చిలో ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన మా ఇంటికొచ్చారు. బయట మంచు కరిగి రొచ్చురొచ్చుగా ఉంది. గరాజ్‌లోనే బూట్లు విప్పి, మఫ్లర్ తీయకుండా సోఫాలో కూర్చున్నారు. ఆయన ఎందుకొచ్చారో నాకు గుమ్మంలోనే తెలిసిపోయింది. లలిత కాఫీ ఇచ్చి, ఉల్లిపాయ పకోడీ వేస్తానని వంటింట్లోకి వెళ్లింది.

"మన పళ్లెం పొంగిపోతోంది బాబూ. కుర్రాళ్లిద్దరి ధరలూ బాగా పెరిగిపోయాయి" అన్నారు.

"నన్ను తీసేయాలని వచ్చారు. అంతే కదా."

"తీసేయడం ఏటి? అడగడానికొచ్చాను. రమేశ్ టీమ్‌లో చోటుంది. నిన్ను తీసుకుంటానన్నాడు."

"ఊరికేనా?"

ఆయన వంకర వేలు పట్టుకున్నారు. అబద్ధం ఆడటం చేతకాదు. "కొత్త కుర్రాళ్లు వస్తారు కదా, వాళ్లలో మొదట ఎంచుకునే వంతు ఈసారి మనది. అది కూడా ఇమ్మన్నాడు. ఫుటీలో ఇది మామూలే. బరువున్న కాంట్రాక్టు తీసుకునేవాడికి పైన ఏదో ఒకటి ఇస్తారు. దాందేముంది."

అంటే నన్ను కొనడం లేదు. నన్ను భరించినందుకు వాళ్లకి ఎదురు కానుక ఇవ్వాలి. క్యాండీ కార్న్‌ని నేనన్నమాట. ఆఫీసు, భుజం, కేలండర్‌లో మీటింగ్‌లు అన్నీ ఒక్కసారిగా నా గొంతులోకి వచ్చాయి. వద్దంటే వద్దే అన్నది ఆయన నియమమే. ఆ ఒక్క మాట చెప్పి ఊరుకుంటే సరిపోయేది. నేను ఊరుకోలేదు.

"మీ వయసెంత సార్?" అన్నాను. "పోయిన సీజన్‌లో మీరు ఎన్ని క్యాచ్‌లు వదిలేశారో లీగ్ మొత్తానికీ తెలుసు. పెద్దాయన కదా అని గౌరవం కొద్దీ మీకు పాయింట్లు వేస్తున్నారు, ఆట చూసి కాదు. నన్ను వదిలించుకునే బదులు మిమ్మల్ని మీరు ట్రేడ్ చేసుకోండి. ఎవడైనా తీసుకుంటాడేమో చూద్దాం. మన పళ్లెం సరిగ్గా సరిపోతుంది."

వంటింట్లో గరిటె చప్పుడు ఆగింది. ఆయన కాఫీ కప్పుని అరచేతిలో పెట్టుకుని కాస్త ఆడించారు. ఆయన ముఖంలో కోపం రావాలని చూశాను. వచ్చుంటే నాకు హాయిగా ఉండేది.

"అదీ నిజమే. నేను ఆ లెక్క వేసుకోలేదు" అన్నారు. "అయితే నువ్వు వద్దంటున్నావు."

"వద్దంటున్నాను."

"సరే బాబూ. వద్దంటే వద్దే."

తర్వాత లలిత తెచ్చిన పకోడీ తిని, ఒకటి అరచేతిలో ఆడించి చూసి, "దీనికి నా దగ్గర ఇవ్వడానికి ఎవరూ మిగల్లేదమ్మా" అన్నారు. ఆవిడ మిగిలిన పకోడీ డబ్బాలో పెట్టి ఆయన కారు దాకా వెళ్లింది. నేను టీవీ పెట్టుకున్నాను. కిటికీలోంచి చూస్తే వాళ్లిద్దరూ డ్రైవ్‌వేలో నిలబడి చాలాసేపు మాట్లాడుకుంటున్నారు. నా తరఫున సారీ చెబుతోంది కాబోలనుకుని ఆవిడ మీద కూడా కోపం తెచ్చుకున్నాను.

శనివారం రమేశ్ బేస్‌మెంట్‌లో మీటింగ్. మిరపకాయ బజ్జీలు, ఫ్లాస్కులో టీ, గోడవారన పిల్లల బొమ్మలు. ట్రేడ్లన్నీ ఒక్కొక్కటే అయ్యాయి. అందరూ మా టీమ్ వంతు కోసం చూస్తున్నారు, నన్ను ఎవరికి అంటగడతారా అని. కీపర్ గారు లేచి, ఎప్పుడూ ఇతరుల గురించి చెప్పే గొంతుతోనే చెప్పారు.

"మా దగ్గర ఒక కీపర్ ఉన్నాడు. వయసైపోయింది, వేళ్లు వంకర. క్యాచ్‌లు వదిలేస్తాడు, దాచడానికేం లేదు. కానీ వాగుడుకాయ. కుర్రాళ్లకి హుషారొస్తుంది. మనిషిని అడిగాను, ఒప్పుకున్నాడు. ఎవరికైనా కావాలా?"

అందరూ ఘొల్లుమన్నారు. ఆయన నవ్వకుండా నిలబడేసరికి నవ్వు దానంతటదే చల్లారింది. కెప్టెన్లు ఒక్కొక్కరే ఫోన్లలోకి తలలు దించేశారు. మేం ఏటేటా గౌరవం పేరుతో ఆయన మీద వేసిన పాయింట్లే ఇప్పుడు ఆయనకి బరువయ్యాయి. అంత ధర పెట్టి అరవై దగ్గర పడిన కీపర్‌ని ఎవరు తీసుకుంటారు?

"సార్, మా పళ్లెంల చోటుంది గని..." అని రమేశ్ మొదలుపెట్టి ఆపేశాడు.

"ఫర్లేదు, ఫర్లేదు. నేనైనా తీసుకోను" అన్నారు కీపర్ గారు. "అయితే నా పేరు లిస్టులోంచి కొట్టేయండి."

ఎవరో కొట్టేశారు. ఆయన మఫ్లర్ చుట్టుకున్నారు. జిప్ లాక్కున్నారు. "ఎవరైనా మనసు మార్చుకున్నారా?" అని గదంతా చూశారు. మామూలుగా అక్కడితో అయిపోవాలి. ఆ రోజు ఆయన మెట్ల వైపు తిరగలేదు. చూపు నా దగ్గరికొచ్చి ఆగింది. మళ్లీ అడిగారు, ఇంకాస్త మెల్లగా. "ఎవరైనా మనసు మార్చుకున్నారా?"

రమేశ్ ఇంకా నన్ను తీసుకోవడానికి సిద్ధంగానే ఉన్నాడు. నేనొక చెయ్యెత్తితే అయిపోయేది. నేను ఫోన్‌లో వెదర్ చూశాను. సాయంత్రం మంచు పడుతుందని ఉంది. దాన్ని ఎంతో శ్రద్ధగా, అదేదో నా గ్రీన్ కార్డ్ కబురైనట్టు చదివాను. తలెత్తేసరికి ఆయన మెట్లెక్కుతున్నారు.

ఆ సీజన్ ఆయన అంపైరింగ్ చేశారు. ఒక్క శనివారం మానలేదు. తెల్లకోటు మీద అదే మఫ్లర్, మే నెలలో కూడా. బౌలర్ వైపు వికెట్ల దగ్గర నిలబడి ఉండేవారు. బౌండరీ నుంచి త్రో వచ్చినప్పుడల్లా ఆయన చేతులు వాటంతటవే ముందుకొచ్చి దోసిలి పట్టేవి. తను కీపర్ కాదని వెంటనే గుర్తొచ్చి జేబుల్లో పెట్టేసుకునేవారు. నేను లాంగాఫ్ నుంచి చూసేవాణ్ని. చూసి తల తిప్పేసుకునేవాణ్ని. మా టీమ్‌కి కొత్తగా వచ్చిన కుర్ర కీపర్ నన్ను చూసి, "అన్నా, మీరు ప్లేయింగ్ లెవెన్‌లో ఎట్లా ఉన్నారసలు?" అని సరదాగా అడిగాడు. ఏదో చెప్పి తప్పించుకున్నాను.

ఓవర్ల మధ్యలో ఆయన నా పక్కనుంచి వెళ్తూ, "భుజం ఎలాగుంది బాబూ?" అని అడిగేవారు. "ఓకే సార్" అనేవాణ్ని. సారీ మాత్రం వాయిదా వేశాను. రేపు చెబుదాం, సీజన్ అయ్యాక చెబుదాం, దీపావళికి వాళ్లింటికి వెళ్లి చెబుదాం అనుకున్నాను. దీపావళికి వెళ్లాను కూడా. స్వీట్ బాక్స్ ఆంటీ చేతికిచ్చి, పార్కింగ్ సరిగా చేయలేదని చెప్పి వచ్చేశాను. తర్వాతి మార్చిలో ఆయన కొత్తవాళ్ల వరుసలో పేరు ఇచ్చారు. కాలేజీ కుర్రాళ్ల పేర్ల మధ్య ఆయన పేరు. ఎవరూ ఎంచుకోలేదు. నా రెండు సీజన్ల ధర అయిపోయింది, నన్నూ ఎవరూ ఉంచుకోలేదు. నేను ఆడటం మానేశాను. ఆయన మాత్రం మొన్న సెప్టెంబర్ దాకా అంపైరింగ్ చేశారు.

ఫ్యూనరల్ హోమ్‌లో రమేశ్ రెండు ముక్కలు మాట్లాడాడు. మనిషిని అడిగారా అన్న మాట సగంలో ఆపి కూర్చున్నాడు. ఇంకెవరైనా మాట్లాడతారా అని అడిగారు. ఆంటీ నా వైపు చూసింది, వాళ్ల టీమ్ వాణ్ని కదా అని. నేను బూట్ల వైపు చూసుకున్నాను. ఆ గదిలో కూడా చెయ్యెత్తలేకపోయాను.

తిరిగి వచ్చేటప్పుడు కారులో లలితా నేనూ ఉన్నాం. మా కాలనీ మలుపు తిరిగాక నేనే అన్నాను, ఇన్నేళ్లలో మొదటిసారి. "ఆ రోజు నేను అనకూడని మాట అన్నాను. నా మాట పట్టుకునే ఆయన ఆట మానేశారు."

"మీ మాటకి కాదు" అంది.

నేను ఇంటి ముందు కారాపాను.

"ఆ రోజు పకోడీ డబ్బా ఇచ్చి, నేనే బతిమాలాను ఆయన్ని. 'మా ఆయన్ని పంపించకండి సార్, ఆఫీసులో కూడా ఇలాగే మూలన పడేశారు, శనివారం తప్ప ఇంకేం మిగల్లేదు, ఇది కూడా పోతే ఇంట్లో ఎలా ఉంటారో నాకు భయంగా ఉంది' అన్నాను. కీపర్ గారు, 'అడిగావు కదమ్మా, ఇంకెక్కడికీ పంపను' అన్నారు. మీకు తెలిస్తే నామోషీగా ఉంటుంది, చెప్పొద్దు అని కూడా అన్నారు."

నా వేళ్లు స్టీరింగ్ వదల్లేదు. ఆఫీసు సంగతి ఆయనకి తెలుసు. సీజనంతా భుజం ఎలా ఉందని అడిగిన మనిషికి మిగతాదంతా తెలుసు.

"మరి మీ ఆట ఏమవుతుంది సార్ అన్నాను" అంది లలిత. "నవ్వారు. 'నాకేం కాదమ్మా. మీ ఆయన నోరు అలాంటిది గానీ మనిషి మంచోడు. నేను నా పేరు బల్ల మీద పెడితే చూస్తూ ఊరుకోడు. చివర్లో ఎవరైనా మనసు మార్చుకున్నారా అని అడుగుతాను కదా, అప్పుడు చెయ్యెత్తేస్తాడు. ఎత్తితే చాలు. ఇద్దరం ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. మంచి ఆటగాడే, ఒక కుర్రాడు వేరే టీమ్‌కి వెళ్తానని నాతో ముందే అన్నాడు, వదులుకోవడం ఇష్టం లేకపోయినా వాణ్ని సర్దేస్తాను' అన్నారు."

పక్కింటివాళ్ల స్ప్రింక్లర్ తిరుగుతోంది. నేను దాని వైపే చూస్తున్నాను.

"మీటింగ్ నుంచి మీరెప్పుడొస్తారా అని గుమ్మంలోనే కూర్చున్నాను ఆ రోజు. మీరొచ్చి, 'ముసలాయన తనే తప్పుకున్నాడు, పీడా పోయింది' అని నవ్వారు." లలిత సీట్ బెల్ట్ తీయబోయి ఆగింది. "అప్పట్నుంచి నాకొకటే అనుమానం. ఆ రోజు ఆయన మర్చిపోయి ఉంటారని నాకు నేను సర్దిచెప్పుకుంటున్నాను. నిజం చెప్పండి. చివర్లో ఆయన ఆ మాట అడిగారా?"

"అడిగారు" అన్నాను. "రెండుసార్లు అడిగారు."